అభిమానికి లెక్క చూపించండి

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద జరిగిన ఫార్ములా-ఈ రేసులో ముగింపు గీతను మూడోదిగా దాటిన కారు సెబాస్టియన్ బ్యూమీది. అధికారిక ఫలితాల్లో మాత్రం మూడో స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాది. బ్యూమీ కారు అనుమతించిన పరిమితి కన్నా ఎక్కువ శక్తి వాడిందని నిర్వాహకులు తేల్చారు. సమయ జరిమానా పడింది, అతను పట్టికలో కిందికి జారిపోయాడు. అతను ఎవరినీ గుద్దలేదు, అడ్డదారి తొక్కలేదు. కారులోని ఒక సెన్సరు ఒక అంకెను నమోదు చేసింది, ఆ అంకె గీత దాటింది, అంతే. ఎండలో గంటల తరబడి కూర్చుని చూసిన ప్రేక్షకుడికి ఆ అంకెను చూసే దారి లేదు.

ఆ జరిమానా తప్పని నేను అనడం లేదు. నిబంధన అంటే నిబంధనే. అయితే మోటారు రేసింగ్ చుట్టూ పదేళ్ళకు పైగా నడుస్తున్న గొడవల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఒకప్పుడు గెలుపోటములను నిర్ణయించేవి కంటికి కనిపించేవి, చెవికి వినిపించేవి. ఇంజన్ పేలిపోవడం, టైరు పగలడం, ఒకరి కన్నా ఒకరు ఆలస్యంగా బ్రేకు వేయడం లాంటివి. ఇప్పుడు నిర్ణయించేవి కిలోవాట్లు, మెగాజౌళ్ళు, సాఫ్ట్‌వేరు. వాటిని కొలిచే పరికరాలు అద్భుతంగా ఉన్నాయి. కొలిచింది మాత్రం జట్ల గ్యారేజీల్లోనూ నిర్వాహకుల గదుల్లోనూ ఉండిపోతోంది. ‘ఇది రేసింగ్ కాదు’ అని అభిమానులు కోప్పడుతుంటే, ‘మీకు సాంకేతికత అర్థం కాదు’ అని నిర్వాహకులు అంటున్నారు. అర్థమయ్యేలా చెప్పే పని ఎవరు చేశారు?

శబ్దం సంగతి తీసుకుందాం. 2014లో ఫార్ములా-1 తన 2.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజన్లను పక్కనపెట్టి 1.6 లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో హైబ్రిడ్‌లను తెచ్చింది. మొదటి రేసు నుంచే అభిమానులు ‘గొంతు పోయింది’ అని గోల పెట్టారు. ఆ మాటను పాతకాలపు మమకారం అని కొట్టిపారేసినవాళ్ళు ఉన్నారు. చిన్న లెక్క వేస్తే అభిమానుల చెవులు ఎంత కచ్చితమైనవో తెలుస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరు రెండు చుట్లకోసారి మండుతుంది. ఎనిమిది సిలిండర్లయితే చుట్టుకు నాలుగు విస్ఫోటాలు. నిమిషానికి 18,000 చుట్లంటే సెకనుకు 300, అంటే సెకనుకు 1,200 విస్ఫోటాలు. కొత్త ఇంజన్‌లో చుట్టుకు మూడే. ఇంధన ప్రవాహంపై పరిమితి ఉండటంతో డ్రైవర్లు దాదాపు 12,000 చుట్ల దగ్గరే గేరు మార్చేస్తారు. అంటే సెకనుకు 600 విస్ఫోటాలు. పౌనఃపున్యం సరిగ్గా సగమైంది. సంగీతం తెలిసినవాళ్ళ భాషలో చెప్పాలంటే తారస్థాయి షడ్జమం నుంచి మధ్యస్థాయి షడ్జమానికి దిగింది. పైగా, పొగగొట్టంలో ఎగిసిపడే పీడన తరంగాలను మధ్యలో ఉన్న టర్బైన్ చదును చేసేస్తుంది. కాబట్టి స్థాయి తగ్గింది, తీవ్రతా తగ్గింది. అదే ఏడాది మే నెలలో మెర్సిడెస్ జట్టు పొగగొట్టం చివర బూర లాంటి గొట్టం తగిలించి బార్సిలోనాలో పరీక్షించింది. అది పనిచేయలేదు. తరంగం పుట్టేచోటే నీరసపడితే చివర బూర పెట్టి ఏం లాభం?

కథలో రెండో సగం అభిమానులకు సరిగ్గా చేరలేదు. అప్పటి కొత్త నిబంధనల ప్రకారం ఇంజన్‌లోకి గంటకు 100 కిలోలకు మించి పెట్రోలు వెళ్ళకూడదు. సెకనుకు దాదాపు 28 గ్రాములు. కిలో పెట్రోల్లో సుమారు 43 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళే శక్తి 1,200 కిలోవాట్ల దాకా ఉంటుంది. ఇందులో సగానికి పైగా చక్రాలను తిప్పే పనిగా మార్చగలిగామని 2017లో మెర్సిడెస్ ప్రకటించింది. మన రోడ్ల మీది మామూలు పెట్రోలు కార్లు మూడో వంతు దగ్గర ఆగిపోతాయి. శబ్దంలో పోయే శక్తి నిజానికి చాలా కొద్ది. కానీ పొగలో కొట్టుకుపోయే శక్తిని టర్బైన్‌తో పట్టుకున్నప్పుడు అరుపు కూడా దానితోపాటు పోతుంది. ఆ లెక్కను అప్పుడే చెప్పి ఉంటే కోపం పోయేదని నేననను. అరుపు ఇష్టపడేవాడికి దక్షత గురించి చెప్పినంత మాత్రాన చెవులు తృప్తి పడవు. కానీ తనకు నచ్చినది పోయి దాని బదులు ఏం వచ్చిందో తెలిసేది.

ఇక హైదరాబాద్ రేసుకు వద్దాం. ఎన్టీఆర్ గార్డెన్స్, సచివాలయం చుట్టూ వేసిన ఆ ట్రాక్ పొడవు 2.8 కిలోమీటర్ల పైచిలుకు, 18 మలుపులు. ఆ రోజు పరిగెత్తినవి అప్పుడే కొత్తగా వచ్చిన మూడో తరం కార్లు. డ్రైవరుతో కలిపి బరువు 840 కిలోలు. రేసులో 300 కిలోవాట్ల శక్తి, ‘అటాక్ మోడ్’లో 350. బ్యాటరీ నుంచి వాడుకోగలిగింది 38.5 కిలోవాట్ అవర్లు. మెగాజౌళ్ళలోకి మారిస్తే 139.

ఈ చివరి అంకె దగ్గర కాస్త ఆగాలి. మా గొల్లపల్లి బస్తర్ అడవుల్లో, సుక్మా జిల్లాలో ఉంది. అక్కడి కుర్రాళ్ళకు రేసింగ్ అంటే సిగ్నలు దొరికినప్పుడు ఫోనులో చూసే ఐదు నిమిషాల ముక్కలే. వెర్స్టాపెన్ పేరు తెలుసు, హామిల్టన్ పేరు తెలుసు. ‘అన్నా, ఒక్క రేసుకు ఎంత పెట్రోలు తాగుతుంది?’ అనేదే వాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న. బంకు దూరంగా ఉండే ఊళ్ళలో పెట్రోలు కిరాణా కొట్లో సీసాల లెక్కన దొరుకుతుంది కాబట్టి, ఆ ప్రశ్న సహజమే. లీటరు పెట్రోల్లో దాదాపు 34 మెగాజౌళ్ళుంటాయి. అంటే హైదరాబాద్‌లో ఒక్కో కారు బయల్దేరేటప్పుడు బ్యాటరీలో ఉన్నది నాలుగు సీసాల పెట్రోలుతో సమానమైన శక్తి. ఈ మాట చెప్పినప్పుడు వాళ్ళ మొహాల్లో కనిపించిన ఆశ్చర్యం ఏ ప్రచార వీడియో తేలేదు.

మరి నాలుగు సీసాలతో ముప్పావు గంట రేసు ఎలా సాగుతుంది? ఎలక్ట్రిక్ మోటారు తనకిచ్చిన శక్తిలో చాలా భాగాన్ని చలనంగా మారుస్తుంది, పెట్రోలు ఇంజన్‌లా మూడింట రెండొంతులు వేడిగా పారబోయదు. అది మొదటి కారణం. రెండోది బ్రేకు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే 840 కిలోల కారులో గతిజశక్తి 1.3 మెగాజౌళ్ళు. మలుపు దగ్గర 60కి తగ్గిందంటే దాదాపు 1.2 మెగాజౌళ్ళు ఎక్కడికో పోవాలి. మామూలు కారులో అది బ్రేకు పళ్ళేలను కాల్చి గాలిలో కలుస్తుంది. ఈ కార్లలో మోటార్లే జనరేటర్లుగా తిరిగి, ముందు 250, వెనక 350, మొత్తం 600 కిలోవాట్ల దాకా వెనక్కి లాక్కుంటాయి. రెండు సెకన్లలో పని పూర్తవుతుంది. ఈ కార్ల వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు పెట్టకుండానే తయారుచేశారు. రేసులో వాడే శక్తిలో 40 శాతం దాకా ఇలా తిరిగి వచ్చేదేనని నిర్వాహకులు చెబుతారు.

అభిమానులకు కోపం తెప్పించేది సరిగ్గా ఈ పొదుపే. ‘రేసంటే అదరగొట్టాలి గానీ, కరెంటు బిల్లు చూసుకున్నట్టు నడపడం ఏమిటి?’ అంటారు. సూటిగా సాగే దారి చివర డ్రైవరు బ్రేకుకు ముందే పెడలు వదిలేయడం, ముందున్నవాడు కావాలనే రెండో స్థానంలోకి తప్పుకోవడం వాళ్ళకు మోసంలా కనిపిస్తుంది. కానీ గాలి ఎవరి మాటా వినదు. మీటరు దూరానికి గాలిని చీల్చడానికి పట్టే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గిస్తే ఆ ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ముందు కారు వెనక దాక్కుంటే ఇంకా తగ్గుతుంది. పాత పెట్రోలు రోజుల్లోనూ ఇదే జరిగేది. గంటకు 100 కిలోల చొప్పున తాగే ఇంజన్ ఉన్న కారులో ప్రతి ల్యాపుకు ఒక్క సెకను ముందుగా పెడలు వదిలితే, అరవై ల్యాపులకు కిలోన్నర పైగా ఇంధనం మిగులుతుంది. అంత తక్కువ ఇంధనంతో తేలిగ్గా బయల్దేరడానికి జట్లు ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేస్తూనే ఉన్నాయి. అప్పుడు గట్టి చప్పుడులో అది తెలిసేది కాదు.

హైదరాబాద్ రేసు చివరి ల్యాపులు ఈ కోపానికి మంచి జవాబు. ముందున్న జాన్-ఎరిక్ వెర్న్ బ్యాటరీలో, వెనకే తరుముతున్న నిక్ క్యాసిడీ కన్నా తక్కువ శక్తి మిగిలి ఉంది. అయినా వెర్న్ స్థానం వదల్లేదు, గెలిచాడు. ఎక్కడ పొదుపు చేస్తే వెనకవాడికి సందు దొరకదో, ఎక్కడ ఖర్చు పెట్టక తప్పదో లెక్క వేసుకుంటూ కారును ఇరుకు మలుపుల్లో సరైన చోట నిలబెట్టడం చిన్న నైపుణ్యం కాదు. టీవీ చూస్తున్నవాళ్ళకు తెరపై బ్యాటరీ శాతాలు కనిపించడంతో ఆ ఉత్కంఠ కొంతైనా అందింది. ట్రాక్ పక్కన కంచె వెనక నిలబడ్డవాళ్ళు చూసింది ఒకదాని వెనక ఒకటి బుయ్యిమని వెళ్ళిన రెండు కార్లను. టికెట్టు కొన్నవాడికి తక్కువ, ఇంట్లో కూర్చున్నవాడికి ఎక్కువ అందిన వింత పోటీ అది.

అభిమానులకు ఫలితంలో వాటా ఇవ్వాలని ఫార్ములా-ఈ ఒకప్పుడు చేసిన ప్రయత్నం గుర్తుందా? ‘ఫ్యాన్‌బూస్ట్’ అనేవారు. 2014లో మొదటి సీజన్ నుంచీ ఉండేది. ఆన్‌లైన్‌లో ఎక్కువ ఓట్లు వచ్చిన డ్రైవర్లకు కొన్ని సెకన్ల పాటు అదనపు శక్తి. ఒక దశలో దాని విలువ 100 కిలోజౌళ్ళు. పెట్రోల్లో లెక్కిస్తే మూడు మిల్లీలీటర్లు, తిండిలో లెక్కిస్తే ఓ బిస్కెట్టు. ఆ బిస్కెట్టు మీద ఎంత చర్చ జరిగిందో! సోషల్ మీడియాలో బలమున్నవాడికి ట్రాక్ మీద బలం ఎందుకని ఎక్కువగా విమర్శించింది అభిమానులే. మూడో తరం కార్లు వచ్చేసరికి దాన్ని తీసేశారు. నాకు ఈ ఉదంతం ఇష్టం. అభిమానులు అడిగేది ఫలితాన్ని మార్చే హక్కు కాదని, ఫలితం ఎలా వచ్చిందో తెలుసుకునే హక్కని అది చూపించింది.

అభిమానులు ప్రతిసారీ సరైనవాళ్ళే అనుకోవడం కూడా పొరపాటు. 2018లో డ్రైవరు తల చుట్టూ ‘హేలో’ అనే టైటానియం చట్రం పెట్టినప్పుడు, కారు అందం పోయిందని, హవాయి చెప్పుల పట్టీలా ఉందని ఎగతాళి చేశారు. దాన్ని వ్యతిరేకించిన డ్రైవర్లలో రోమైన్ గ్రోజాన్ ఒకడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో అతని కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప అడ్డుకట్టను చీల్చుకుంటూ దూరి, రెండు ముక్కలై మండిపోయింది. అతని మీద పడిన బలం గరిష్ఠంగా గురుత్వానికి 67 రెట్లు. సెకనుకు 53 మీటర్లు పరిగెత్తే శరీరం అంత త్వరణంతో ఆగితే, అంతా సెకనులో పదో వంతు కన్నా తక్కువ సమయంలో, రెండు మూడు మీటర్లలో అయిపోతుంది. తల ఎత్తులో ఉన్న ఇనుప రేకును పక్కకు నెట్టింది పది కిలోల బరువు కూడా లేని ఆ చట్రమే. గ్రోజాన్ అర నిమిషం లోపే మంటల్లోంచి నడిచి వచ్చాడు, తన ప్రాణం నిలిపింది హేలోయేనని ఒప్పుకున్నాడు. ఆ తర్వాత దాని అందం గురించి మాట్లాడినవాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

మరో రకం వివాదం ఉంది, దానికి భౌతికశాస్త్రం జవాబు చెప్పలేదు. 2021 డిసెంబరు 12న అబుధాబిలో చివరి రేసుకు వచ్చేటప్పటికి హామిల్టన్, వెర్స్టాపెన్‌ల పాయింట్లు సమానం, చెరి 369.5. చివర్లో ఓ కారు గోడకు కొట్టుకోవడంతో సేఫ్టీ కారు వచ్చింది. రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ, ఆ ఇద్దరి మధ్య ఉన్న ఐదు కార్లను మాత్రమే ముందుకు పోనిచ్చి, ఒక్క ల్యాపుకు రేసు మళ్ళీ మొదలుపెట్టించాడు. హామిల్టన్‌వి అరిగిన గట్టి టైర్లు, వెర్స్టాపెన్‌వి కొత్త మెత్తటి టైర్లు. పట్టులో ఉన్న ఆ తేడా ముందు డ్రైవరు చేయగలిగింది చాలా తక్కువ. కాబట్టి విజేతను తేల్చింది ఆ నిర్ణయమే అన్న అభిమానుల వాదన భౌతికశాస్త్రం ప్రకారం నిలుస్తుంది. నిర్ణయం న్యాయమా కాదా అనేది మాత్రం వేరే ప్రశ్న. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య విచారణ దాన్ని మానవ తప్పిదంగా పేర్కొంది, ఫలితాన్ని మార్చలేదు. మాసీ పదవి పోయింది. ఈ గొడవ ఇంతగా నిలిచిపోవడానికి, జట్ల అధిపతులు రేస్ డైరెక్టర్‌తో రేడియోలో వాదించిన మాటలు అందరూ వినగలగడం కూడా కారణం. వినబడ్డాయి కాబట్టే ప్రశ్నించగలిగారు, వ్యవస్థ మారింది. అదే బ్యూమీ కారులోని అంకె గురించి ఎవరు ప్రశ్నించారు?

2026 సీజన్ నుంచి ఫార్ములా-1 నిబంధనలు మళ్ళీ మారాయి. పెట్రోలు ఇంజన్ వాటా సుమారు 400 కిలోవాట్లకు తగ్గింది, విద్యుత్ మోటారు వాటా 120 నుంచి 350కి పెరిగింది. ఇంధనం శిలాజ మూలాల నుంచి కాకుండా సుస్థిర పద్ధతుల్లో తయారుచేసినదై ఉండాలి. చిక్కు ఎక్కడంటే, బ్యాటరీలో ఒక్కసారికి వాడుకోవడానికి దొరికేది 4 మెగాజౌళ్ళు. 350 కిలోవాట్లతో ఖర్చు పెడితే పదకొండు సెకన్లలో ఖాళీ. పొడవాటి దారుల మీద మోటారు తోడు మధ్యలోనే తగ్గిపోవడం, డ్రైవరు పూర్తిగా పెడలు తొక్కుతున్నా వేగం పడిపోవడం ఈ లెక్కలోనే ఉంది. ‘ఇది ఫార్ములా-ఈకి తమ్ముడు’ అని విసుక్కునే పాత అభిమానులను నేను తప్పు పట్టను. వాళ్ళు చూస్తున్నది నిజమే. ఆ పదకొండు సెకన్లను ఎక్కడ ఖర్చు పెట్టాలన్నదే ఇకమీద ఆట. ఆ ఆట ప్రేక్షకుడికి కనిపించాలంటే, ప్రతి కారు ఏ క్షణంలో ఎంత శక్తి వాడుతోందో, ఎంత మిగిలిందో తెర మీదా ట్రాక్ పక్కనా చూపించాలి. క్రికెట్‌లో బంతి ఎక్కడ పడిందో, వికెట్లకు తగిలేదో లేదో గీతలు గీసి చూపించాక ఎల్బీడబ్ల్యూ మీద గల్లీ కుర్రాడు కూడా చర్చిస్తున్నాడు. రేసింగ్‌లో అది చేయడానికి కొత్తగా కొలవాల్సింది కూడా లేదు. కొలతలు ఇప్పటికే ఉన్నాయి.

మన దగ్గర నష్టం ఇంకా పెద్దది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో హైదరాబాద్ రేసు రద్దయిందని ఫార్ములా-ఈ సంస్థ ఆ జనవరి 5న ప్రకటించింది. 2023 అక్టోబరు 30న కుదిరిన ఒప్పందాన్ని పురపాలక శాఖ ఉల్లంఘించిందని ఆరోపించింది. అప్పటికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది డిసెంబరులో, చెల్లింపుల మీద ఏసీబీ కేసు కూడా నమోదైంది. అందులో తప్పొప్పులు తేల్చాల్సింది దర్యాప్తు సంస్థలు, న్యాయస్థానాలు. అంతకుముందు నోయిడా దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో 2011 నుంచి మూడేళ్ళు మాత్రమే జరిగి ఆగిపోయిన ఫార్ములా-1 విషయంలోనూ ఇంతే. అది క్రీడా, వినోదమా, పన్ను ఎంత అన్నదే చర్చ. డబ్బు లెక్క అడగాల్సిందే, ప్రజల డబ్బు కాబట్టి మరీ గట్టిగా అడగాలి. నా బాధల్లా, రెండు పక్షాల వాదనల్లోనూ ఇంకో లెక్క ఎవరూ అడగకపోవడమే.

ఎలక్ట్రిక్ రేసు నగరానికి తెచ్చింది పర్యావరణం పేరు చెప్పి. మరి ఆ వారం నెక్లెస్ రోడ్డు చుట్టూ గాలి ఎలా మారింది, దారి మళ్ళించిన వాహనాలు ఎంత అదనంగా తిరిగాయి, కార్లనూ సామగ్రినీ మోసుకొచ్చిన విమానాల కర్బనం ఎంత? ఈ ప్రశ్న చాదస్తం కాదు. ఫార్ములా-1 తన 2018 సీజన్‌కు వేసిన లెక్కలో మొత్తం ఉద్గారాలు 2,56,551 టన్నులు. అందులో రేసు కార్ల ఇంజన్ల వాటా 0.7 శాతం. రవాణాదే 45 శాతం. ట్రాక్ మీద పొగ వస్తోందా లేదా అనేది అసలు లెక్కలో ఓ మూలకు సరిపోతుంది. పెట్రోలు రేసును తిట్టేవాళ్ళూ విద్యుత్ రేసును పొగిడేవాళ్ళూ ఇద్దరూ కారునే చూస్తున్నారు, దాన్ని తెచ్చిన విమానాన్ని చూడటం లేదు.

అలాగే, ఆ రేసు చూసిన హైదరాబాదీకి ఉపయోగపడే లెక్క ఇంకొకటి ఉంది. మనిషితో కలిపి రెండొందల కిలోల ఎలక్ట్రిక్ స్కూటర్ గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని గతిజశక్తి 12 కిలోజౌళ్ళ పైన. రేసు కారు మలుపులో వెనక్కి లాక్కునేదాంట్లో వందో వంతు. కానీ అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ట్రాఫిక్‌లో అది ఆగినన్నిసార్లు రేసు కారు ఆగదు. వందసార్లు ఆగితే, అందులో సగం శక్తి తిరిగి బ్యాటరీలోకి చేరినా, నాలుగైదు కిలోమీటర్ల దూరం కలిసొస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న ఓ కుటుంబానికి నెక్లెస్ రోడ్డు రేసు ఓ పాఠశాల కాగలిగేది. దాన్ని సెలబ్రిటీల ఫోటోలతో సరిపెట్టారు.

మళ్ళీ ఏదో ఓ రోజు, ఏ ప్రభుత్వమో ఏ నగరంలోనో ఇలాంటి రేసు పెడుతుంది. ఒప్పందంలో ఒక్క నిబంధన చేరిస్తే చాలు: పోటీ ముగిసిన వారం రోజుల్లో ప్రతి కారు శక్తి వినియోగం, రీజనరేషన్, పరిమితి దాటిన క్షణాల గ్రాఫులు, రేసు కోసం జరిగిన రవాణా ఉద్గారాలు, నగరంలో కొలిచిన గాలి, శబ్దం లెక్కలు అందరికీ ఉచితంగా దొరకాలి, తెలుగులో కూడా. టికెట్టు వెనక ఖాళీగా వదిలే చోట ‘మీ ముందు వెళ్ళే ఒక్కో కారు దగ్గర ఉన్నది నాలుగు లీటర్ల పెట్రోలుకు సరిపడే శక్తి’ అని అచ్చువేయడానికి పెద్ద ఖర్చేం కాదు.